బెల్టుకూత పద్యములు: కర్ణవేధినీ వ్యాఖ్యా సహితము

అవతారిక

టీక రాయబోయే తెలుగువాడు ముందుగా కోలాచలం మల్లినాథసూరికి దణ్ణం పెట్టాలి. మెతుకుసీమకు చెందిన ఆ మహానుభావుడు కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఆ మాట మీద నిలబడిన వ్యాఖ్యాతలు తరువాతి కాలంలో ఎక్కువమంది కనపడరు. మెకానిక్కుల్లో అయితే అక్కడక్కడా ఉన్నారు. ఆధారం లేనిది విప్పరు, అక్కరలేనిది మార్చరు. ఈ వ్యాఖ్య వారికే అంకితం.

పద్యాలు రెండు. తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య తిరిగే పాత కార్ల గురించి పుట్టినవి. ఈ కాగితం మీద తప్ప మరే తాళపత్రంలోనూ దొరకవు గనుక కర్తృత్వ వివాదానికి తావు లేదు.

సందర్భం ఇది. ఒక గృహస్థు, కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు నిండాయని, బండి బాగా ఉండగానే టైమింగ్ బెల్టు మార్పించాడు. షెడ్డు గేటు దాటేలోపే ఇంజనులో మునుపు లేని చప్పుడు. బెల్టూ కొత్తదే, చప్పుడూ కొత్తదే, కనుక చప్పుడు బెల్టుదేనని ఆయన తీర్మానం. ఆ తీర్మానాన్ని ఖండించడానికే మొదటి పద్యం.

మూలము

బెల్టు మార్చినంత బెదరించు నొకకూత
గరగరనును మఱియు కప్పిలోన
టకటకనుచు పైన టాపెట్లు తలలూపు
చెవికి నాన్చి వినుము చేతి కడ్డి

ప్రతిపదార్థము

బెల్టు = కింది క్రాంకును పైని క్యాముతో ముడిపెట్టి తిప్పే పళ్ళ రబ్బరు పట్టీ; లోపల గాజునార ఉంటుంది, అందుచేత కొట్టునుంచి తెచ్చేటప్పుడు మడిచి జేబులో కుక్కరాదు. మార్చినంతన్ = మార్చిన వెంటనే. ఒకకూత = ఒకానొక కూత. బెదరించున్ = భయపెట్టును; భయం యజమానికే, ఇంజనుకు కాదు. కప్పిలోనన్ = బెల్టు ఆనుకొని తిరిగే గిలకలో, అనగా టెన్షనర్‌లోనూ ఐడ్లర్‌లోనూ. గరగరనును = గరగరలాడును. పైనన్ = ఇంజను తలమీద. టాపెట్లు = వాల్వులను నొక్కే కీళ్ళు. తలలూపున్ = అవధాన సభలో ముందు వరుసవారివలె ఆడించును. చేతి కడ్డి = పొడుగుపాటి స్క్రూ డ్రైవరు. చెవికిన్ ఆన్చి = చెవి ముందరి ఎముకకు పిడిని అదిమి. వినుము = విను. "విప్పుము" అనలేదు, గమనించాలి.

తాత్పర్యము

బెల్టు మార్చాక వచ్చే చప్పుళ్ళన్నీ ఒక జాతివి కావు. ఒక్కొక్కదాని చోటు వేరు, మందు వేరు. ముందు చోటు తెలుసుకో, తరువాత పానా పట్టుకో.

విశేషములు

"మార్చినంత" అన్న మాటలోనే సగం రోగనిర్ధారణ ఉంది. ముందు లేదు, తరువాత వచ్చింది. కనుక ఆ మధ్యలో చేయి పడిన చోట్లన్నీ అనుమానితాలే. బెల్టు దగ్గరికి చేరడానికి ఫ్యాన్ బెల్టు ఊడదీయాలి, క్రాంకు పుల్లీ తీయాలి, ప్లాస్టిక్ కవరు విప్పాలి. ఇంజను అడ్డంగా కూర్చున్న చిన్న కార్లలో చాలావాటికి కింద జాకీ పెట్టి ఆ పక్క మౌంటింగు కూడా తీయాలి. గృహస్థు దృష్టిలో మారింది ఒక్క బెల్టే. పనివాడి చేతులకు మాత్రం అరడజను చోట్లు గుర్తుంటాయి. చప్పుడు ఆ అరడజనులో దేనిదైనా కావచ్చు.

కూత సంగతి. సన్నగా మొదలై, రేజ్ చేస్తున్న కొద్దీ శ్రుతి పెరిగే కూత అయితే బెల్టు మరీ బిగువుగా ఎక్కించారని అర్థం. వదులైతే కూత ఉండదు. కవరుకు తగులుతూ పటపటమంటుంది. బిగువు ప్రమాదం కాదనీ, తెగదు కదా అనీ కొందరి ధైర్యం. బెల్టు తెగకపోవచ్చు, బేరింగులు పోతాయి. పాతకాలపు పరీక్ష ఒకటుంది: రెండు పళ్ళచక్రాల మధ్య పొడుగు జాగాలో బెల్టును బొటనవేలు, చూపుడువేలుతో పట్టి మెలిపెడితే పావు చుట్టు తిరగాలి. అంతకన్నా సులువుగా తిరిగితే వదులు, తిరగనంటే బిగువు. దానంతటదే సర్దుకునే టెన్షనర్ ఉన్న బండ్లకు ఈ వేళ్ళ లెక్క చెల్లదు. వాటికి టెన్షనర్ మీది ముల్లు, గాడి కలిశాయా లేదా అన్నదే ప్రమాణం.

గరగర సంగతి మరీ సాధారణం, దాని వెనుక కథ మరీ మానుషం. బెల్టు ధర విని సరే అన్న గృహస్థు, టెన్షనర్‌తో కలిపి కిట్ ధర చెప్పగానే "బెల్టు ఒక్కటే వేయండి చాలు" అంటాడు. పాత బెల్టు సాగి వదులైనన్నాళ్ళూ ఆ ముసలి బేరింగు కాలక్షేపం చేసింది. కొత్త బెల్టు సరైన బిగువుతో ఎక్కేసరికి అరగడం మొదలుపెట్టింది. కొన్ని బండ్లలో వాటర్ పంపు కూడా ఈ బెల్టు మీదే తిరుగుతుంది. దాని బేరింగుదీ ఇదే గొంతు. కిట్ మొత్తం వేయమనే మెకానిక్కును దోపిడీదారు అనుకోకూడదు. ఆ మాటకు ఆధారం ఉంది గనుక మల్లినాథుడు కూడా ఒప్పుకుంటాడు.

టకటక సంగతిలో గణితం ఉంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను స్లోలో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే క్యాము 400 చుట్లే తిరుగుతుంది. అంటే ఒక వాల్వు చేసే టకటక సెకనుకు ఆరేడు దెబ్బలు. క్రాంకు వైపు నుంచి వచ్చే దెబ్బ అయితే పదమూడు. వేళ్ళతో లెక్కపెట్టలేం గాని, నిదానంగా నడిచే తాళమా, దానికి రెట్టింపు కాలమా అన్నది చెవి పట్టేస్తుంది. మృదంగం విన్న ఊళ్ళవారికి ఇది కష్టమేమీ కాదు. హైడ్రాలిక్ టాపెట్లయితే బండి విప్పి ఉన్న రోజుల్లో ఆయిలు దిగిపోయి కాసేపు టకటకలాడి, ఆయిలు ఎక్కగానే వాటంతటవే ఊరుకుంటాయి. డీజిలు పంపు కూడా ఈ బెల్టు మీదే తిరిగే ఇంజనులో మాత్రం ఒక పన్ను ముందుకు పడితే ఇనుపదెబ్బ లాంటి కఠినమైన నాక్ వస్తుంది, వెనక్కి పడితే తెల్లపొగ వచ్చి పికప్ చస్తుంది. దాన్ని టాపెట్ల ఖాతాలో రాయకూడదు.

నాలుగో పాదం ఈ పద్యానికి ప్రాణం. పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు 1816లో కాగితం చుట్ట రోగి రొమ్ముకు ఆన్చి విన్నాడు, స్టెతస్కోపు పుట్టింది. ఆంధ్రా పారిస్ అనిపించుకున్న తెనాలిలో అదే పనికి స్క్రూ డ్రైవరు చాలు. కడ్డి మొనను తిరగని భాగం మీదే ఆన్చాలి: ఐడ్లర్ బోల్టు తల, పంపు ఒళ్ళు, డైనమో ఒళ్ళు, టాపెట్ కవరు, ఇలా ఒక్కొక్కటీ. చప్పుడు ఎక్కడ పెద్దదవుతుందో అక్కడ ఆగాలి. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టిన తరువాతే ఈ పరీక్ష. ఈ ఒక్క వాక్యంలో వ్యాఖ్యాతకు హాస్యం లేదు.

పాఠాంతరములు

రెండో పాదం చివర మూడు ఊళ్ళలో మూడు పాఠాలు. యతి మూడింటికీ సరిపోతుంది గనుక ఏదీ తోసేయలేం.

తెనాలి పాఠం "కప్పిలోన". పైన చెప్పుకున్నాం.

బాపట్ల పాఠం "కవరులోన". కవరు తిరిగి బిగించేటప్పుడు ఒక బోల్టు మిగిలిపోయినా, అంచు గాడిలో కూర్చోకపోయినా, ప్లాస్టిక్ బెల్టుకో చక్రానికో ఒరుసుకుని గరగర. ఇంజను నడుస్తుండగా కవరు పైభాగాన్ని అరచేత్తో నొక్కితే చప్పుడు మారుతుంది. ఖర్చు లేని రోగం. అందుకే ముందు చూడవలసింది ఇదే. అందుకే అందరూ చివర చూసేదీ ఇదే.

రేపల్లె పాఠం "కట్టులోన". కట్టు అనగా ఇంజను మౌంటింగు. తీసి పెట్టినప్పుడు బోల్టులు సరిగా బిగియకపోతే క్లచ్చి వదలగానే గుబుక్కుమంటుంది, స్లోలో స్టీరింగు వణుకుతుంది. ఈ పాఠాన్ని కొందరు ఛందస్సు కోసం పుట్టించిందంటారు. పెనుమూడి వారధి దాటి అవనిగడ్డ దాకా ఆ బండిలో ఒకసారి వెళ్ళొస్తే ఆ అభిప్రాయం మార్చుకుంటారు.

పూర్వపక్షము

"ఇదంతా ఎందుకు, ఫ్యాన్ బెల్టు చప్పుడే" అని ఒక వాదం. వాదించేవాడు బడ్డీకొట్టు దగ్గర నిలబడి ఉంటాడు, బానెట్ ఎత్తి చూడడు. అయినా సగంసార్లు గెలుస్తాడు. ఫ్యాన్ బెల్టు మొదట ఊడేది, చివర ఎక్కేది. చివర్లో పనివాడికి ఆకలి వేస్తుంటుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే కీచుమని, నాలుగు నిమిషాల్లో తగ్గిపోతే ఈ వాదానికి బలం ఎక్కువ. సూర్యలంక గాలి తగిలే బాపట్ల వీధుల్లో తేమకు ఈ కీచు మరీ తొందరగా పలుకుతుంది.

పరీక్ష తేలిక. బయటి బెల్టు ఊడదీసి ఇంజనును అర నిమిషం నడపాలి. చప్పుడు పోతే దోషం డైనమో వైపు, ఏసీ వైపు. పోకపోతే లోపలే. వాటర్ పంపు బయటి బెల్టు మీద తిరిగే బండ్లలో ఆ అర నిమిషం దాటనివ్వకూడదు. ఇంకొకటి: బయటి బెల్టు మీద నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే కీచు ఒక్క క్షణం మారుతుంది. ఆ నీళ్ళు లోపలి బెల్టు మీద పోసేవాడికి ఏ శాస్త్రంలోనూ ప్రాయశ్చిత్తం లేదు.

అనుక్తము

చోటు చాలక కవి వదిలేసిన చప్పుడు ఒకటుంది, అది చాలా ప్రమాదకరం. క్రాంకు పుల్లీ బోల్టు చాలినంత బిగించకపోతే స్లోలో అడుగునుంచి డొక్కుడొక్కుమని బరువైన దెబ్బ వస్తుంది. అచ్చం బేరింగు పోయిన ఇంజను గొంతు. విన్నవాడల్లా "ఇంజను దించాలి" అంటాడు. ఒక్క బోల్టు బిగింపు లోపించినందుకు ఇంజను దింపించుకుని, బోరు కొలిపించుకుని, చేబదుళ్ళు తెచ్చుకున్న గృహస్థులు ఉండటానికి వీలుంది. పైగా అలాగే నడిపితే పుల్లీ గాడీ, దాన్ని పట్టి ఉంచే చిన్న కీలూ అరిగి, టైమింగే జారిపోతుంది. ఈ చప్పుడు వింటే బండి అక్కడికక్కడే ఆపాలి. టైమింగు తప్పిందో లేదో చూసుకునే దారి రెండో పద్యం చెబుతుంది.

మూలము

చేతఁ ద్రిప్పుము క్రాంకును చెదరకుండ
రెండు చుట్టుల గుర్తులు రెండు గలియ
పంటి పొరపాటు లేదని పలుకవచ్చు
కలియకుండిన మరలను గవరు విప్పు

తాత్పర్యము

సెల్ఫ్ కొట్టకుండా, పుల్లీ బోల్టుకు పానా వేసి క్రాంకును చేత్తో రెండు నిండు చుట్లు తిప్పు. కింది గుర్తూ పై గుర్తూ తమ తమ చోట్లకు వచ్చి నిలిస్తే పన్ను తప్పలేదు.

విశేషములు

ఒక చుట్టు చాలదా? చాలదు. ఒక చుట్టుకు క్రాంకు తన గుర్తుకు వస్తుంది, క్యాము సగం దూరంలోనే ఉంటుంది. తిప్పుతుండగా ఎక్కడైనా గట్టిగా అడ్డం పడితే బలం ఉపయోగించరాదు. కొన్ని ఇంజన్లలో అది పిస్టను వాల్వును తాకిన స్పర్శ. చేత్తో తాకితే ఆగి ఆలోచించవచ్చు, సెల్ఫ్‌తో తాకితే వాల్వు వంగుతుంది. అందుకే "చేతన్" అని కవి మొదటి మాటగా పెట్టాడు.

తెనాలి రామకృష్ణుడి బిరుదైన వికటకవిని ముందునుంచి చదివినా వెనుకనుంచి చదివినా ఒకటే. క్రాంకు అలా కాదు. ఇంజను తిరిగే దిక్కుకే తిప్పాలి. వెనక్కి తిప్పితే బిగువు టెన్షనర్ వైపుకు మారి, వదులైన చోట పన్ను దాటే వీలుంది. బాగున్నదాన్ని పరీక్షించబోయి పాడుచేసినట్టవుతుంది.

గుర్తులు చదవడం వేరే విద్య. తుప్పు, ఆయిలు, వెనకటి మెకానిక్కులు పెట్టిన సుద్దగీతలు, సున్నపు చుక్కలు, అన్నీ ఒకదాని మీద ఒకటి. తెనాలి రేపల్లె దారిలో ఉన్న భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్వి తీసిన ధాతుపేటికల మీది రాతలకు బ్యూలర్ వంటి పండితుడు దొరికాడు. ఈ చక్రాల మీది గీతలకు కిరోసిన్ గుడ్డ, టార్చిలైటు తప్ప దిక్కులేదు. సుద్దగీతను నమ్మరాదు. పోతలో పుట్టిన గుర్తే ప్రమాణం.

"మరలను" శ్లేష. మళ్ళీ కవరు విప్పు అని ఒక అర్థం, కవరు మరలను విప్పు అని ఇంకొకటి. మెకానిక్కు రెండూ చేయాలి, రెండోసారి కూలీ అడగకూడదు. ఈ చివరి అర్థం పద్యంలో లేదు, గృహస్థు కోరికమీద చేర్చాను.

పన్ను తప్పిన బండి ప్రతిసారీ చప్పుడు చేయాలని లేదు. స్లోలో కుంటుతుంది, మిస్సింగు కొడుతుంది, ఎత్తు ఎక్కదు. డెల్టాలో ఎత్తులు లేవు గనుక ఆ దోషం ఇక్కడ నెలల తరబడి దాక్కోగలదు. కాలవ వంతెనలే మనకున్న కనుమలు.

ఈ రబ్బరు పట్టీ మన దాకా వచ్చిన దారి చెప్పకపోతే వ్యాఖ్యాతకు తృప్తి లేదు. పూర్వం క్యామును గొలుసో పళ్ళచక్రాలో తిప్పేవి. బవేరియాలో హాన్స్ గ్లాస్ కంపెనీ పొలంలో విత్తనం వేసే యంత్రాలు చేసి, తరువాత చిన్న కార్లలోకి దిగింది. 1962లో దాని గ్లాస్ 1004 కారు పళ్ళ రబ్బరు బెల్టుతో మార్కెట్టుకు వచ్చింది. జనం కొనుక్కునే కార్లలో అదే తొలిది. 1966లో ఆ కంపెనీని బీఎండబ్ల్యూ కొనేసింది. మన రోడ్లమీద 1983 నాటి మారుతి 800లోనూ, 1998లో వచ్చిన ఇండికా డీజిలులోనూ తిరిగింది ఈ వంశపు బెల్టే. విత్తనాల గొర్రు చేసిన చేతుల పని గనుక, 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్ల వారు దీన్ని తమ ఖాతాలో వేసుకున్నా అభ్యంతరం లేదు.

శంక, సమాధానము

శంక: షెడ్డు దగ్గరికి తీసుకుపోతే చప్పుడు రావడం లేదు. మెకానిక్కు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. ఏమి గతి?

సమాధానం: ఇల్లు దాటి షెడ్డు చేరేసరికి ఇంజను వేడెక్కింది, చల్లటి ఇంజనులో పలికే చప్పుడు వేడి ఇంజనులో పలకదు. మాటలతో అనుకరించి చూపవద్దు. గృహస్థు నోట గరగర, కీచు, కూత మూడూ ఒకేలా ఉంటాయి. సాయంత్రం బండిని తెనాలి షెడ్డులోనే వదిలి తాళం ఇచ్చి, బాపట్ల వారు మెయిన్ లైను రైలూ రేపల్లె వారు బ్రాంచి రైలూ ఎక్కి ఇల్లు చేరాలి. తెల్లవారి తొలి సెల్ఫ్ మెకానిక్కే కొట్టాలి, కడ్డి దగ్గర పెట్టుకుని.