మూల కత్తిరించిన పాస్‌పోర్టు ఆత్మకథ

ముదురు నీలం అట్టతో, 36 పుటలతో నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లో అచ్చయి, 2013లో తెనాలికి చెందిన ఒక విద్యార్థిని పేరిట జారీ అయిన ఈ పాస్‌పోర్టు, పదేళ్ల గడువు ముగిసి రద్దయిన తరువాత తన జీవితాన్ని తానే వివరించుకుంటున్నది. పాస్‌పోర్టు అంటే ఒక దేశం తన పౌరుల గుర్తింపునూ జాతీయతనూ ఇతర దేశాలకు ధ్రువీకరించే పత్రం. 1967 నాటి చట్టం ప్రకారం అది ఎవరి చేతిలో ఉన్నా కేంద్ర ప్రభుత్వ ఆస్తే. మొదటి నాలుగేళ్లూ ఒక్క ముద్రకైనా నోచుకోక బీరువాలో పడి ఉన్న ఈ పుస్తకానికి, చివరి పుటలో అచ్చయిన తల్లిదండ్రుల పేర్లూ ఇంటి చిరునామా మాత్రమే సంపదగా ఉండేవి.

2017లో, జర్మనీలోని ఆఖెన్ నగరంలో మెకానికల్ ఇంజినీరింగ్ పై చదువు కోసం, దీని పుటపై తొలి వీసా అంటుకున్నది. ఆ వీసాకు ముందు బ్లాక్డ్ అకౌంటు తెరవవలసి వచ్చింది. ఏడాది జీవనవ్యయాన్ని ముందే జమచేసి, నెలకు నిర్ణీత మొత్తం మాత్రమే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతాకు ఆ పేరు. నాడు 8,640 యూరోలుగా ఉన్న ఆ మొత్తం 2024 నాటికి 11,904 యూరోలకు పెరిగింది. ఆ సొమ్ము కూడబెట్టడానికి ఇంటిల్లిపాదీ పడిన తపనను ఈ పాస్‌పోర్టు దగ్గరుండి చూసింది. అయితే ఆఖెన్ ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజును 2011లోనే రద్దు చేసినందువల్ల, విద్యార్థిని ప్రతి అర్ధసంవత్సరం కొన్ని వందల యూరోల రుసుము చెల్లిస్తే సరిపోయేది. మధ్యతరగతి కుటుంబానికి ఉన్నత విద్య అందుబాటులోకి రావడం విదేశీ చదువు చేసే మేళ్లలో మొదటిది.

రెండవ మేలు చదివే పద్ధతిలో ఉన్నది. అక్కడ చదువును క్రెడిట్లలో లెక్కిస్తారు. ఒక్కో క్రెడిట్ సుమారు 30 గంటల శ్రమకు సమానం గనుక, 120 క్రెడిట్ల రెండేళ్ల కోర్సు అంటే 3,600 గంటల పని, అందులో అధికభాగం తరగతి గది బయట సొంతంగా చేయవలసినది. హాజరు పట్టీ భయంతోనూ గైడు పుస్తకాలతోనూ పరీక్షలు గట్టెక్కిన విద్యార్థిని, ఏ పుస్తకం చదవాలో, ఏ పరీక్షకు ఎప్పుడు కూర్చోవాలో తానే నిర్ణయించుకోవలసి వచ్చి మొదట తల్లడిల్లింది. ప్రయోగశాలలో విద్యార్థి సహాయకురాలిగా, అక్కడి వాడుకలో 'హివి'గా, చేరిన తరువాత, ఆచార్యుడి లెక్కలోని పొరపాటును ఆయన ముందే ఎత్తిచూపగల ధైర్యం ఆమెకు వచ్చింది.

మూడవ మేలును ఈ పాస్‌పోర్టు కొంత చిన్నబుచ్చుకుంటూనే చెప్పుకోవలసి ఉన్నది. ఆఖెన్‌కు ఆనుకునే బెల్జియం, నెదర్లాండ్స్ ఉన్నాయి. సభ్యదేశాల మధ్య సరిహద్దు తనిఖీలను సాధారణంగా తొలగించిన షెంగెన్ ఒప్పందం వల్ల, సిటీ బస్సులో వాల్స్ అనే డచ్చి ఊరికి వెళ్లి వచ్చినా దీనిని తెరిచి చూసినవారు లేరు. సరిహద్దులే తన జీవితార్థమని నమ్మిన పత్రానికి అది బాధాకరమే అయినా, వేర్వేరు దేశాల సహాధ్యాయులతో ఒకే వంటగది పంచుకుంటూ, వారి భాష నేర్చుకుంటూ, వారి ప్రశ్నలకు జవాబు చెప్పడం కోసం సొంత దేశపు చరిత్రను కొత్తగా చదువుకుంటూ ఆమె ఎదిగిన తీరు ఆ బాధను మరపించింది.

ఈ మేళ్లు నేటివి కావు. 1920 నాటి పాస్‌పోర్టు చట్టం రాకముందే, 1913లో బరోడా సంస్థానపు ఉపకార వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లిన అంబేద్కర్ అక్కడ తత్త్వవేత్త జాన్ డ్యూయీ బోధనతో ప్రభావితుడయ్యాడు. కేంబ్రిడ్జిలో చదివిన కట్టమంచి రామలింగారెడ్డి 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతియై, ఆ విద్యాఫలాన్ని తెలుగునేలకు అందించాడు.

ఈ పాస్‌పోర్టు గతి మాత్రం వేరు. నివాస అనుమతి కార్డు చేతికి వచ్చిన నాటి నుంచే ఇది పెట్టె అడుగుకు చేరింది. జిరాక్సు యంత్రాల కింద వెన్ను విరిగింది. టీ ఒలికి వీసా పుటపై మరక పడింది. 2023లో కొత్త పాస్‌పోర్టు రాగానే అట్ట మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి తిరిగి ఇచ్చారు. అప్పటి నుంచి తెనాలి ఇంటి బీరువాలో, చెల్లించిన కరెంటు బిల్లుల కింద, ఎవరికీ అక్కరలేని కాగితమై పడి ఉన్నది. ఇంట్లోవారు ఆమె పట్టాకు అద్దం కట్టించి గోడకు తగిలించారు, ఆమె జీతమెంతో చుట్టాలందరికీ చెప్పారు. బెదురుతూ వెళ్లిన పిల్ల నిలదొక్కుకున్న ఆ తొలి చలికాలం గురించి మాత్రం ఎవరూ అడగలేదు. తనను మరచినందుకంటే, ఆ ఎదుగుదలను లెక్కలోకి తీసుకోనందుకే దీనికి ఎక్కువ దుఃఖం.

విదేశాలకు సిద్ధమవుతున్న విద్యార్థులు ఏ దేశం వీసా సులభమో, ఎక్కడ జీతం అధికమో విచారించడం సహజమే. కానీ వీసాకు గడువు ఉంటుంది, ఉద్యోగం మారుతుంది. స్వయంగా ఆలోచించి, పరాయివారితో కలిసి పనిచేయగల శక్తి జీవితాంతం ఉంటుంది గనుక, ఏ విశ్వవిద్యాలయం ఆ శక్తిని పెంచుతుందో ముందుగా తెలుసుకుని వెళ్లినవారికే పరదేశ విద్య పూర్తిగా ఫలిస్తుంది.