సుతారి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "సారూ, రేపు పొద్దుగాల్లనే వస్త. సామాను దింపిచ్చి పెట్టుండ్రి. జరంత అడ్వాన్సు."

అవతారిక: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సీమలలో రెండంతస్తుల ఇల్లు తలపెట్టిన గృహస్థుడు నలుగురిని అడిగి, నెల తిరిగి, ఎట్టకేలకు ఒక మంచి సుతారిని ఫోనులో పట్టుకొనగా అతడు పలికినది.

ప్రతిపదార్థం: సారూ = ఇంకను పైకమీయని ఓ గృహస్థుడా (ఇచ్చిన పిమ్మట ఈ సంబోధన అరుదు); రేపు = నేడు కాని ఏదో ఒకనాడు; పొద్దుగాల్లనే = పదకొండు దాటినంతనే; వస్త = నేను కాకున్న మా బామ్మర్ది వచ్చును; సామాను = సిమెంటు, సలాక, కంకర, గోదావరి ఇసుక; దింపిచ్చి పెట్టుండ్రి = దింపించి, రాత్రి కావలి కూడ మీరే కాయుడు; జరంత = మీరనుకొన్నదానికి రెట్టింపు; అడ్వాన్సు = మరొకరి ఇల్లు ముగించుటకు వలయు ధనము.

తాత్పర్యం: మీ పని ఒప్పుకొంటిని, ఎప్పుడని అడుగవద్దు. ఇందులో అబద్ధము లేదు. సుతారి ఒక్కడు, ఇండ్లు మూడు. ఒకచోట స్లాబు పోసినాక రోజూ నీళ్లు పట్టవలె. సెంట్రింగు విప్పుటకు రెండు మూడు వారాలాగవలె. ఆ సందులోనే మీ పునాది.

వ్యుత్పత్తి: సూత్రధారియే సుతారి యందురు. చేతిలో దారము, గుండు ఉన్నవి గనుక ఒప్పును. నాటకమున సూత్రధారి ఆరంభమున కనబడి తెరవెనుకకు పోవును. ఇచటను అంతే.

పాఠాంతరాలు: జనగామ ప్రతిలో "పట్నంల పని ఒడిసినంక" అని ఉన్నది. వరంగల్–హైదరాబాద్ రోడ్డు మీది ఊరాయె, చేయి తిరిగినవాడు బస్సెక్కక మానడు. మానుకోట (మహబూబాబాద్) ప్రతిలో "రైలు తప్పింది" అని. స్టేషనున్నది గనుక నమ్మవచ్చును. భూపాలపల్లికి రైలు లేదు, అందుచేత అచటి పాఠము "సింగరేణోళ్ల ఇంటి పని నడుస్తున్నది" అని.

విశేషం: సుతారిని ఎంచువారు అతడు కట్టిన ఇంటి రంగు చూచి మురియుదురు. చూడవలసినది ఒక వానకాలం గడిచిన స్లాబు అడుగు, బాత్రూము నీరు జాలీ వైపు పారుట, మెట్ల ఎత్తు సమముగా నుండుట. అడుగవలసినది యజమానిని కాదు, ఆయన మొగమాటపడును, ఇల్లాలిని అడుగుడు. గుత్తకిచ్చునపుడు సజ్జలు, సంపు, మెట్లు చదరపుటడుగు లెక్కలో చేరునా లేదా అన్నది కాగితముపై రాయించుడు. లేనిచో స్లాబునాటి యాట దావతులో ఆ చర్చ మొదలగును.

ఈ సీమలో సుతారి బెట్టు కొత్తది కాదు. 2019లో ములుగు విడిపోవువరకు భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న పాలంపేట గుడిని 1213లో కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. జనులు పిలుచునది మాత్రము శిల్పి పేరని చెప్పుకొను రామప్ప పేరనే. సొమ్ము పెట్టినవాని పేరు శాసనములో మిగిలినది. ప్రతిష్ఠ జరిగిన తేదీయు అందులో కలదు. రామప్ప మొదట చెప్పిన తేదీ లేదు.