రాసెటాయన వయసెంత?

మాంత్రికులు, రాజ్యాలు, రాక్షసులతో వరసగా సాగే నవలల్లో మొదటి భాగం మాత్రమే చదివినవాణ్ని పట్టుకుని "ఎట్లుంది?" అని అడగడం అన్యాయం. హైదరాబాద్‌లో బస్సెక్కినవాణ్ని హయత్‌నగర్ దాటకముందే "విజయవాడ ప్రయాణం ఎట్లయింది?" అని అడిగినట్టుంటుంది. అయినా మా మనుమడు అడిగాడు. జవాబు చెప్పకపోతే తాతకు చదవడం చేతగాలేదనుకుంటాడు. అందుకే చెబుతున్నాను.

వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. నేను బీఏ పాసై నార్కట్‌పల్లి డిపోలో టికెట్లు కొట్టినవాణ్ని. ఇంగ్లీషు చదవగలను గానీ పల్లెవెలుగు వేగంతో చదువుతాను, ప్రతి స్టేజీలో ఆగుతాను. వాడు నా చేతిలో పెట్టింది జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్'. 1996లో వచ్చింది, దాదాపు 700 పేజీలు. పడుకుని చదువుతూ కునుకు తీస్తే ముక్కు పగిలే బరువు.

ఉత్తరాన మంచుగోడ. దాని ఎత్తు 700 అడుగులు. గోడ అవతలి అడవిలోకి ముగ్గురు కావలివాళ్లు పోతారు, చచ్చినవాళ్లు లేచి నిలబడతారు. ఇదీ కథంటే అని మంచం మీద లేచి కూర్చున్నాను. పేజీ తిప్పేసరికి మార్టిన్ గారు ఆ దెయ్యాలను అక్కడే మంచులో వదిలేసి చుట్టరికాల్లోకి దిగారు. రాజు, రాణి, రాణి అన్నదమ్ములు, రాజు స్నేహితుడు నెడ్ స్టార్క్, ఆయన పిల్లలు, పిల్లకో తోడేలు పిల్ల. ఇంటికో జెండా, జెండా మీదో జంతువు, ఆ ఇంటికో నినాదం. ఇవి చాలవన్నట్టు పుస్తకం చివర వంశాల జాబితా. పెండ్లి పత్రిక వెయ్యడానికి తప్ప అంతమంది పేర్లు ఒకచోట రాయగా నేను చూడలేదు.

స్టార్కుల ఇంటి నినాదం ఏమిటంటే, చలికాలం రాబోతున్నదని హెచ్చరిక. అక్కడ ఒక్కో కాలం ఏళ్ల తరబడి ఉంటుందట. నల్లగొండ జిల్లావాణ్ని దీంతో భయపెట్టడం కష్టం. ఎండాకాలం వస్తున్నదని మేం జెండాల మీద రాసుకోలేదు. రాసుకోకున్నా వస్తుంది. మధ్యాహ్నం రెండింటికి హైవే మీద తారు మెత్తబడుతుంటే, ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ నేనా మంచుగోడ గురించి చదివాను. ఆ పుస్తకంతో నాకు కలిగిన మొదటి లాభం చల్లదనమే. అందుకు మార్టిన్ గారికి రుణపడి ఉంటాను.

మా ఇంటామె చదవదు. పగలు నేను చదివింది రాత్రి చెబితే బియ్యం చెరుగుతూ వింటుంది. జాన్ స్నో అనే కుర్రాడి సంగతి చెప్పాను. నెడ్ స్టార్క్ యుద్ధానికి పోయి, వచ్చేటప్పుడు ఒక పసివాణ్ని తెచ్చాడు. నా కొడుకే అన్నాడు, తల్లి ఎవరో మాత్రం చెప్పడు. పెండ్లాం అప్పటినుంచీ మండిపడుతూనే ఉంది.

"గాయన మంచోడేనా?" అని అడిగింది.

"మాట తప్పని మనిషి."

"గా యుద్ధంల ఆయన దిక్కు ఎవలు సచ్చిండ్రు?"

"నాయన, అన్న, చెల్లె."

చేట పక్కకు పెట్టింది. "గయితే చెల్లె కొడుకే. పిల్లగాన్ని సంపుతరని తన నెత్తినేసుకున్నడు."

ఈ చిక్కు మీద ప్రపంచమంతా పాఠకులు ఏళ్లకేళ్లు వాదించుకున్నారట. టీవీ సీరియల్లో ముడి విప్పింది 2016లో. పుస్తకాల్లో ఇంకా విప్పనే లేదు. ఆమె చేటెడు బియ్యం చెరిగేలోగా విప్పింది. మేనల్లుళ్లను సాకిన మేనమామల ఇండ్లు మా వాడకట్టులోనే ఉన్నాయి, ఆమెకు అందులో వింతేమీ కనపడలేదు. ఇంకా చదవనివాళ్లకు రహస్యం బయటపెట్టినందుకు కోపం రావచ్చు. వచ్చి ఆమెనే అడగండి, నాకంత ధైర్యం లేదు.

పుస్తకం అయిపోకముందే ఆ మాట తప్పని మనిషి తల నరికించేశారు. నేను వెంటనే ఫోన్ చేశాను.

"ఏందిరా, హీరో సచ్చిపోయిండు!"

"ఆయన హీరో అని నీకెవలు జెప్పిండ్రు తాతా?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. నేను 'చందమామ' చదివి పెరిగినవాణ్ని. 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు' అంటూ దాసరి సుబ్రహ్మణ్యం తన పేరు కూడా వేసుకోకుండా సీరియళ్లు రాశారు. వాటిలో హీరో లోయ అంచున వేలాడుతుండగా 'ఇంకా ఉంది' అనేవారు. నెల ఓపిక పడితే పైకెక్కి వచ్చేవాడు. ఆ భరోసాతో పెరిగినవాడికి మార్టిన్ రాత వెన్నుపోటులాగే ఉంటుంది. కాకపోతే ఆ తల తెగిన తరవాత పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు. ఇక ఎవరి ప్రాణానికీ పూచీ లేదని తెలిశాక, కొత్తగా ఎవరు తలుపు తీసినా గుండె దడే.

ఇంటామె మాత్రం లెక్కల్లోకి దిగింది. "మొత్తం ఎన్ని భాగాలు?"

"ముందు మూడనుకున్నడట. ఇప్పుడు ఏడంటున్నరు."

"ఎన్నొచ్చినయి?"

"అయిదు. అయిదోది 2011ల."

"రాసెటాయన వయసెంత?"

"1948ల పుట్టిండు."

ఆమె కాసేపు ఊరుకుని, "మిగిలింది ఎవలికన్న జెప్పి పెట్టుమను" అంది.

అట్లాంటి ఏర్పాటు ఆ దేశాల్లోనూ ఉంది. రాబర్ట్ జోర్డాన్ 1990లో 'ది ఐ ఆఫ్ ది వరల్డ్'తో ఒక వరస మొదలుపెట్టి, అది ముగియకుండానే 2007లో పోయాడు. బ్రాండన్ శాండర్సన్ మిగిలింది ఎత్తుకుని 2013లో ఆఖరి భాగం తెచ్చాడు. మనకిది కొత్తా? నన్నయ అరణ్యపర్వం నడిమధ్యలో ఆగిపోతే, తిక్కన విరాటపర్వం దగ్గర అందుకుని పదిహేను పర్వాలు ముగించాడు. నడుమ మిగిలిపోయిన ముక్క ఎర్రన వచ్చేదాకా అట్లాగే ఉంది. నన్నయది పదకొండో శతాబ్దం, ఎర్రనది పద్నాలుగో శతాబ్దం. తెలుగు పాఠకుడు అంతకాలం ఓపిక పట్టాడు, ఒక్కడూ కవికి కోపంగా ఉత్తరం రాసినట్టు దాఖలా లేదు. మార్టిన్ అభిమానులేమో ఇంతలోకే గోల చేస్తున్నారు.

బదులు తీర్చుకోవాలి గదా. మనుమడు దసరాకు వచ్చినప్పుడు మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' మొదటి భాగం వాడి సంచిలో పెట్టాను. ఈ పుస్తకం మీద నార్కట్‌పల్లివాడికి పక్షపాతం ఉంటే తప్పు పట్టకూడదు. హైదరాబాద్, విజయవాడ మధ్య తిరిగే బండ్లు మా దగ్గర ఆగుతాయి, అద్దంకి రోడ్డు మా దగ్గరే చీలుతుంది. జనం దిగుతారు, ఇడ్లీ తింటారు, చెరువుగట్టు దిక్కు చూసి ఆ గుట్ట మీద ఏముందని అడుగుతారు, జవాబు వినేలోగా బస్సు కదులుతుంది. మజిలీల మీద బతికే ఊరు మాది. అయితే 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో కూడా రాసిపెట్టిన ఏనుగుల వీరాస్వామయ్య పాలమూరు దారిన హైదరాబాద్ చేరాడు, మా వైపు రాలేదు. వచ్చి ఉంటే మా టీ గురించి ఏం రాసేవాడో. రాకపోవడమే మంచిదయిందేమో.

'కాశీమజిలీ' ఎత్తుగడ చూడండి. మణిసిద్ధుడనే యతి కాలినడకన కాశీకి పోవాలి. తోడు ఎవరూ రారు. చివరికి పశువులు కాసే కుర్రాడు ఒకడు ఒప్పుకుంటాడు, షరతు మీద. ప్రతి మజిలీలో తనకు వింతగా కనబడినదాని గురించి అడుగుతాడు, యతి దాని కథ చెప్పాలి. చెప్పకపోతే వాడు వెనక్కి తిరిగిపోతాడు. యతి దగ్గరున్న మణి మహిమతో ఏ కథైనా తెలుస్తుంది కాబట్టి బండి నడుస్తుంది, పన్నెండు భాగాల దాకా.

కొన్నాళ్లకు మనుమడి ఫోన్. "తాతా, ఒక కథల ఇంకో కథ, దాంట్ల ఇంకోటి. నేనిప్పుడు ఎవరి కథల ఉన్ననో సమజైతలేదు."

"వెనక్కి రాకు. ముందుకే పో."

"మ్యాప్ కూడా లేదు."

"మ్యాపెందుకురా, కాశీ ఉత్తరాన ఉంది."

వాడి ఫిర్యాదులు అన్నీ కొట్టిపారేసేవి కావు. గ్రాంథికంలో వాక్యం మొదట్లో బయల్దేరిన రాకుమారుడు వాక్యం చివరికి పెళ్లి చేసుకుని ఉంటాడు. రాకుమార్తె కనబడితే మాత్రం వర్ణన అయిపోయేదాకా కథ కదలదు. 1951 నాటి 'పాతాళభైరవి'కి మూలం ఈ కథల్లోదేనని చెబితే వాడు మళ్లీ పుస్తకం తెరిచాడు. మాంత్రికుడి వేషంలో ఎస్వీ రంగారావును చూడనివాళ్లు వాడి ఆఫీసులో కూడా లేరట.

వాడు అడిగిన ప్రశ్నల్లో ఒకటి నాకు నచ్చింది. "ఈ మాయలకు రూల్స్ ఏంది తాతా?" ఇప్పటి పాఠకులు మంత్రానికీ నియమావళి అడుగుతారు. ఆ లెక్కన మార్టిన్ పరమ పిసినారి. వందల పేజీలు రాజకీయం నడిపి, డ్రాగన్ పిల్లలను ఆఖర్న గానీ చూపించడు. దీక్షితులు గారిది ధారాళమైన చెయ్యి. ఇక మా చెరువుగట్టు సంగతి వేరు. పరశురాముడు 108 లింగాలు ప్రతిష్ఠించాడనీ, ఆఖరిది మా జడల రామలింగేశ్వరస్వామేననీ చెబుతారు. అమావాస్య రాత్రి జనం గట్టెక్కి మూడుగుండ్ల సందులోంచి దూరి బయటికొస్తారు. సన్నవాళ్లూ వస్తారు, లావువాళ్లూ వస్తారు. మా ఇంటామె ప్రతిసారీ వస్తుంది. రూల్స్ ఏమిటని అక్కడ అడిగినవాణ్ని నేను చూడలేదు.

ఇక నా తీర్పు. మొదటి భాగానికి ఒక్కటే పరీక్ష, ఆ పశువుల కాపరి పెట్టిన పరీక్ష. తరవాతేమైందని అడగబుద్ధి కావాలి, లేకపోతే అక్కడే మూట దించి ఇంటికి పోవాలి. మార్టిన్ అందులో నెగ్గాడు, నేను రెండో భాగం కొనిపించుకున్నాను. దీక్షితులు గారూ నెగ్గారు, మనుమడు రెండో భాగం అడిగి తీసుకుపోయాడు.

ఈ రెంటిలో ఏదో ఒకటి మొదలుపెట్టాలనుకుంటే ముందు 'కాశీమజిలీ' పట్టండి. గ్రాంథికం గొంతులో పడితే వాడుక భాషలోకి మార్చినవీ దొరుకుతాయి, పన్నెండు భాగాలూ ఎప్పుడో పూర్తయ్యాయి. మార్టిన్‌నూ చదవండి, కాకపోతే ఎండాకాలంలో చదవండి, నెడ్ స్టార్క్ మీద ఆశ పెట్టుకోకండి. అయిదో భాగం చివరికి వచ్చాక ఏం చెయ్యాలని మాత్రం నన్నడగొద్దు. ఆరోది ఇంకా రాలేదు.