లేబుల్ మీద 5 అని ఉంది

మా అక్క కొడుకు కుడి కంటితో పుస్తకం చదివితే, చూపు నిలిపిన చోట అక్షరం చెరిపేసినట్టు ఉంటుంది. చుట్టూ ఉన్న అక్షరాలు బాగానే కనిపిస్తాయి. ఆ మచ్చకు కారణం నేను. నేను హైస్కూల్లో సైన్సు మాస్టారిని. కాంతి పాఠం ఏటా చెబుతాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. తెలిసి తెలిసి చేసిన మూర్ఖత్వం ఇది. పల్నాడులో ఇప్పుడు ఏ ఊళ్ళో కుర్రాడి చేతిలో పచ్చ లేజరు లైటు కనిపించినా నాకు భయం వేస్తోంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

లేజరు కొనాలనుకోవడంలో తప్పు లేదు. నరసరావుపేటకు దగ్గరలోని మా ఊళ్ళో, డాబా మీద పిల్లల్ని కూర్చోబెట్టి నక్షత్రాలు చూపించడం నాకు అలవాటు. అదుగో సప్తర్షులు, అదుగో ఆరుద్ర అని వేలు చూపిస్తే ఒక్కొక్కరు ఒక్కో చుక్కను చూసేవాళ్ళు. చిన్న ఎర్ర లేజరు తెచ్చాను, దాని గీత ఆకాశంలో కనిపించలేదు. ఆకుపచ్చ అయితే కనిపిస్తుంది. పగటి వెలుగుకు అలవాటుపడిన మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి కాంతిని అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది. ఆకుపచ్చ లేజరుది 532. అదే శక్తి ఉన్న 650 నానోమీటర్ల ఎరుపు కంటే అది ఎనిమిది రెట్లు ప్రకాశంగా తోస్తుంది. చీకట్లో దాని కిరణం గాలిలో చెదిరి, చుక్కదాకా గీసిన గీతలా నిలబడుతుంది. ఆ పనికి 5 మిల్లీవాట్లు చాలు. ఈ సంగతి కొనకముందే చదివాను. చదివి కూడా బలమైనది కావాలనుకున్నాను.

ఎందుకని ఇప్పుడు నన్ను నేను అడిగితే, గొప్ప కోసమే అని జవాబు వస్తుంది. డాబా మీద నేను గీత గీస్తే పక్క ఊరి నుంచి కూడా కనబడాలి, పిల్లలు నోళ్ళు తెరవాలి. ఆన్‌లైన్‌లో వెతికి ఒకటి తెప్పించాను. పెట్టె మీద పది కిలోమీటర్లు పోతుందని ఉంది, అగ్గిపుల్ల అంటించే బొమ్మ ఉంది. లేజరుకు అంటించిన పసుపు లేబుల్ మీద మాత్రం 5 మిల్లీవాట్ల లోపు అని ఉంది. 5 మిల్లీవాట్లతో అగ్గిపుల్ల అంటుకోదు. రెండిట్లో ఒకటి అబద్ధమని ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా పట్టుకోగలడు. నేనూ పట్టుకున్నాను. అయినా, తక్కువ ధరకు ఎక్కువ బలం దొరికిందని సంతోషించాను. నా మొదటి తప్పు అక్కడే జరిగిపోయింది.

లేజర్లను ప్రపంచమంతా శక్తిని బట్టి తరగతులుగా విడదీస్తారు. కంటికి కనిపించే కాంతిలో 1 మిల్లీవాటు లోపుది రెండో తరగతి. పొరపాటున కంట్లో పడితే పావు సెకనులో రెప్ప మూసుకుంటుంది, ఆ రెప్పే కాపాడుతుంది. 5 మిల్లీవాట్ల లోపుది 3ఆర్. జాగ్రత్తగా వాడితే ప్రమాదం తక్కువ. 5 నుంచి 500 దాకా 3బి. ఇక్కడికి వచ్చాక రెప్పను నమ్ముకోకూడదు. కిరణం సూటిగా వచ్చినా, అద్దం మీద పడి వచ్చినా రెప్ప పడేలోపే దెబ్బ తగలొచ్చు. 500 దాటితే నాలుగో తరగతి. అది చర్మాన్ని కాలుస్తుంది, కాగితాన్ని అంటిస్తుంది, దగ్గర నుంచి గోడ మీద పడిన చుక్కను తేరిపార చూడటం కూడా అపాయమే. భూతద్దంతో ఎండను కాగితం మీద కూర్చి కాల్చే ప్రయోగం నేను ఏటా చేయిస్తాను. కంటి ముందున్న కటకం కూడా లోపలి రెటీనా మీద అదే పని చేస్తుంది. సమాంతరంగా వచ్చే లేజరు కిరణాన్ని అది లక్ష రెట్ల దాకా కుదించి, వెంట్రుక మందం కంటే చిన్న చుక్కగా నిలుపుతుంది.

ఇదంతా తెలిసిన మనిషిని, శివరాత్రి ముందు, దీపాలతో ఎత్తుగా కట్టే మా ఊరి ప్రభ దగ్గర ఆ లేజరు పట్టుకుని నిలబడ్డాను.

కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ళకు ప్రభ కట్టడం అంటే మా ప్రాంతంలో ఊరికి ఊరే కదలడం. కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళ నుంచి ఎనభై, వంద అడుగుల విద్యుత్ ప్రభలు కొండ కిందికి వస్తాయి. మాది అంత పెద్దది కాదు. ఆ ఏడు కుర్రాళ్ళు ముందు వైపు అద్దపు బిళ్ళలు అతికించారు. "మాస్టారూ, మీ లైటు ఒకసారి ప్రభ మీద వేయండి" అన్నారు. వేశాను. ఒక అద్దం మీద కిరణం ఆపితే ఎదురుగా గోడ మీద పచ్చ చుక్క ఆడింది. అందరూ కేకలు వేశారు. ఇంకాసేపు అలాగే పట్టుకున్నాను. ఆ వెలుగు ఏ అద్దంలోంచి వస్తోందో చూద్దామని మా వాడు గోడకూ ప్రభకూ మధ్యకు వచ్చి, అద్దం వైపు తలెత్తాడు.

నొప్పి లేదు. రెటీనాకు నొప్పి తెలిసే నరాలు లేవు. "మావయ్యా, కంట్లో పచ్చగా ఉండిపోయిందేంది?" అన్నాడు. నేను అన్న మాట ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వదు. "వెలుగు చూస్తే అట్టాగే ఉంటదిరా, పొద్దునకి పోద్ది" అన్నాను. నిజానికి నా గుండె అప్పటికే జారింది. కానీ జనంలో మాస్టారిని. అక్కకు చెప్పలేదు, వాణ్ని కూడా చెప్పవద్దన్నాను. తిరునాళ్ళ అయిపోయాక, బళ్ళో బోర్డు మీద మాట మధ్యలో అక్షరం పోతోందని వాడే చెప్పేదాకా నోరు మెదపలేదు. కిరణం వేయడం ఒక్క నిమిషపు తెలివితక్కువతనం. దాచడం అలాంటిది కాదు. ప్రతి పూటా పూనుకుని చేసిన పని అది.

కంటి డాక్టరు గారు వెనక పొరను స్కాన్ తీసి, చూపు కేంద్రంలో చిన్న కాలిన మచ్చ చూపించారు.

"లేజరు ఎన్ని మిల్లీవాట్లు?"

"ఐదని రాసుందండీ."

"రాసింది కాదు మాస్టారూ, ఉన్నదెంత?"

నా దగ్గర జవాబు లేదు. షుగరు జబ్బుతో రెటీనా పాడైనవాళ్ళకు తాము వేసే లేజరు కూడా తరచుగా ఇదే 532 నానోమీటర్ల ఆకుపచ్చేనని ఆయన చెప్పారు. కొన్ని వందల మిల్లీవాట్లు, సెకనులో పదో వంతు, అదీ చూపు కేంద్రాన్ని తప్పించి వేస్తారట. నా కిరణం పడింది సరిగ్గా ఆ కేంద్రం మీదే. ఈ గాయాన్ని ఖాయంగా మాన్పే మందు లేదని, కొందరికి నెలల మీద కొంత తేరుకుంటుందని అన్నారు. మా వాడికి కొంత తేరుకుంది. మచ్చ మాత్రం మిగిలింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు.

తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా ఒక కాలేజీ ప్రయోగశాలలో శక్తిని కొలిచే మీటరు కింద ఆ లేజరు పెట్టించాను. వంద మిల్లీవాట్లు దాటింది. లేబుల్ చెప్పినదానికి ఇరవై రెట్లు పైన. ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 122 లేజరు పాయింటర్లను కొలిచి, ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం అక్కడి భద్రతా నిబంధనలకు లోబడి లేవని 2013లో బయటపెట్టింది. ఆకుపచ్చలో ఇంకో ప్రమాదమూ ఉంది. చాలావాటిలో 808 నానోమీటర్ల పరారుణ కాంతి ఒక స్ఫటికంలో 1064గా మారుతుంది, రెండో స్ఫటికం దాన్ని సగం చేసి 532 ఇస్తుంది. మారకుండా మిగిలిన పరారుణాన్ని ఆపడానికి ఒక ఫిల్టరు ఉండాలి. చౌకరకాల్లో అది లేనివి ఉన్నాయి. పరారుణం కంటికి కనబడదు, రెప్ప పడదు, రెటీనాను మాత్రం చేరుతుంది. చలికి పచ్చ వెలుగు మసకబారితే బలం తగ్గిందనుకుంటాం. ఆ సమయంలోనూ కనబడనిది వస్తూనే ఉండొచ్చు.

నీలం లేజర్ల సంగతీ ఇంతే. 450 నానోమీటర్ల నీలం, అంతే శక్తి ఉన్న ఆకుపచ్చ కంటే ఇరవై రెట్లకు పైగా మసకగా కనిపిస్తుంది. కళ్ళు చెదరడం లేదు కదా అని కుర్రాళ్ళు ఒక వాటు, రెండు వాట్లవి కొంటున్నారు. ఒక వాటు అంటే వెయ్యి మిల్లీవాట్లు. మామూలు కిరణ విస్తరణ ఉన్న ఒక వాటు లేజరు రెండు వందల మీటర్ల అవతలి కంటికి కూడా హాని చేయగలదు. 5 మిల్లీవాట్లకు ఆ దూరం పదహారు మీటర్లు.

కాబట్టి మొదటి లేజరు కొనేవాళ్ళకు నేను చెప్పేది ఇది. ముందు పని ఏమిటో అనుకోండి, ఆ పనికి చాలినంతే కొనండి. పాఠానికి 1 మిల్లీవాటు, నక్షత్రాలకు 5. సూటిగా 520 నానోమీటర్ల ఆకుపచ్చ ఇచ్చే డయోడు రకం దొరికితే పరారుణం బెడద ఉండదు. తరంగదైర్ఘ్యం, శక్తి, తరగతి, తయారీదారు పేరు నాలుగూ స్పష్టంగా లేని వస్తువును, పెట్టె ఒకటి లేబుల్ ఒకటి చెప్పే వస్తువును ముట్టుకోవద్దు.

నిజంగా పని ఉండి బలమైనదే కొనాల్సి వస్తే, దానికంటే ముందు కళ్ళజోడు కొనండి. చలువ కళ్ళజోడు పనికిరాదు. మీ లేజరు తరంగదైర్ఘ్యం పేరు పెట్టి, దాన్ని ఎంత ఆపుతుందో ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ) అంకెతో ధ్రువీకరించినది కావాలి. ఓడీ 4 అంటే పదివేలలో ఒక వంతే లోపలికి వస్తుంది. నీలానికి చేసినది పరారుణాన్ని ఆపదు. దగ్గరున్న ప్రతి మనిషికీ ఒక జోడు ఉండాలి, లేదా అక్కడ మనిషి ఉండకూడదు. అద్దం, స్టీలు గిన్నె, బండి అద్దం, నీళ్ళు ఉన్న వైపు కిరణం పోనివ్వద్దు. కిరణం కంటి ఎత్తులో పోకూడదు, చివర మండని, మెరవని అడ్డు ఉండాలి. పని అవగానే బ్యాటరీ తీసేయండి, లేజరుకు తాళంచెవి ఉంటే దాన్ని వేరేచోట దాచండి. ఆకాశంలో విమానం కనిపిస్తే వెంటనే ఆపేయండి. 5 మిల్లీవాట్ల ఆకుపచ్చ కూడా మూడు కిలోమీటర్లకు పైగా దూరంలోని పైలట్ ధ్యాసను మళ్ళించగలదు. విమానం వైపు లేజరు వేయడం నేరం.

ఊరేగింపుల్లో కళ్ళు దెబ్బతిన్నాయని మహారాష్ట్రలో గొడవ రేగాక, పుణె పోలీసులు 2024 గణేశ్ ఉత్సవాల్లో లేజరు కిరణాలను నిషేధించారు. మనకు ఇంకొక పిల్లాడి కన్ను పోయేదాకా ఎందుకు? ప్రభ కట్టే ప్రతి ఊరి పెద్దలకూ, కుర్రాళ్ళకూ నా విన్నపం ఒకటే. ప్రభకు బల్బుల వెలుగు చాలు, చేతి లేజర్లను తిరునాళ్ళకు తేనివ్వకండి. ఒకవేళ ఎవరి కంట్లోనైనా కిరణం పడితే నాలాగా పరువు చూసుకోకండి. నొప్పి లేదని ఆగకండి. ఆ పూటే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, లేజరును కూడా వెంట పట్టుకెళ్ళండి.