ఒక దవడపన్ను కథ

కింది దవడలో ఎడమవైపు మొదటి పెద్ద దవడపన్ను కథ ఇది. ఈ పన్ను మొలిచింది పుంగనూరు దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక మదనపల్లె టమాటా మార్కెట్‌లో కాయలు ఏరే పనికి కుదిరిన ఒక ఆడమనిషి నోట్లో. పళ్ళ సంగతి పళ్ళ డాక్టరు చూస్తాడు, ఒంటి సంగతి పెద్ద డాక్టరు చూస్తాడు అనుకోవడం జనానికి అలవాటు. శరీరంలో అలాంటి పంపకం ఎక్కడా లేదు.

మొదటి పెద్ద దవడపన్ను ఆరేళ్ళప్పుడు బయటికి వస్తుంది గానీ, దాని తయారీ బిడ్డ పుట్టేనాటికే మొదలవుతుంది. సుమారు మూడేళ్ళు నిండేలోగా చిగురు లోపల ఎనామిల్ పొర పూర్తవుతుంది. ఆ కాలంలో బిడ్డకు అందిన తిండి, వచ్చిన జబ్బులు, తాగిన నీళ్ళు అన్నీ ఆ పొరలో గుర్తులు వదులుతాయి. ఎనామిల్ మళ్ళీ పెరగదు కాబట్టి ఆ గుర్తులు పోవు. ఈ పన్నుమీద గోధుమరంగు చారలు బోరునీళ్ళ వల్ల వచ్చినవి. రాయలసీమ భూగర్భజలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ; లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును 1937లోనే వివరించారు. అలాంటి నీళ్ళే ఏళ్ళ తరబడి తాగితే వెన్ను, కీళ్ళు బిగుసుకుపోతాయని నల్లగొండ పల్లెలు చూపించాయి. బడిపిల్లల పళ్ళు చూస్తే ఆ ఊరి నీళ్ళ సంగతి, ముందుముందు వాళ్ళ ఎముకలకు రాబోయే ముప్పు తెలుస్తాయి.

చిన్నతనమంతా ఈ పన్నుకు పని రాగిసంగటితో, ఊరిబిండితో, వేయించిన చెనక్కాయలతో. పుచ్చు భయం వచ్చింది తర్వాత, మార్కెట్ పనిలో గంటకోసారి తాగే తియ్యటి టీతో. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. కాస్త వ్యవధి దొరికితే లాలాజలం ఆ నష్టాన్ని పూడుస్తుంది. మాటిమాటికీ తీపి తగిలితే ఆ వ్యవధే ఉండదు. ఎంత తీపి తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. చిత్తూరు బెల్లమైనా తెల్ల చక్కెరైనా ఆ క్రిములకు ఒకటే.

అయినా ఈ పన్నును పడగొట్టింది పుచ్చు కాదు, చిగురు. వేపపుల్ల, కానుగపుల్ల ముందు పళ్ళను బాగానే తోముతాయి. దవడపళ్ళ సందుల్లోకి పోవు. అక్కడ నిలిచిన పాచి గట్టిపడి గార అవుతుంది. గారకు ఆనుకున్న చిగురు ఉబ్బి, తోముకునేటప్పుడు నెత్తురు కారుతుంది. ఒంట్లో వేడి చేసిందని అందరూ సర్దిచెప్పుకునే నెత్తురు ఇదే. అది వేడి కాదు, వాపు. పట్టించుకోకపోతే చిగురు పన్నును వదిలి సంచిలా లోతవుతుంది, లోపలి ఎముక తరుగుతుంది. జబ్బు బాగా ముదిరిన నోట్లో ఇలా పుండుపడిన చిగురు వైశాల్యమంతా కలిపితే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని అంచనా. అంత పుండు కాలిమీద ఉంటే ఎవరూ ఒక్కరోజు కూడా ఊరుకోరు. నోట్లో ఉన్నందువల్ల, నొప్పి లేనందువల్ల ఏళ్ళు గడిచిపోతాయి.

ఆ పుండులోంచి క్రిములు, వాపును పెంచే రసాయనాలు రక్తంలోకి చేరుతూనే ఉంటాయి. ఇన్సులిన్ పని చెయ్యకుండా ఆ రసాయనాలు అడ్డుపడతాయి. రక్తంలో చక్కెర పెరిగితే చిగురు మానే శక్తి తగ్గుతుంది. ఇలా రెండూ ఒకదాన్నొకటి ముదరబెడతాయి. ఈ పన్ను కదలడం మొదలైన ఏడాదే ఆ మనిషికి షుగర్ ఉన్నట్టు రక్తపరీక్షలో తేలింది. అది కాకతాళీయం కాకపోవచ్చు. చిగుళ్ళ లోతైన వాపును షుగర్ ఆరో ఉపద్రవంగా 1993లో హెరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త లెక్కించాడు. గార తీయించి చిగుళ్ళకు వైద్యం చేయిస్తే రక్తంలో మూడు నెలల చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ మూడు నాలుగు నెలల్లో సగటున 0.43 శాతం తగ్గుతుందని 2022లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. షుగర్ మందులు మానేసేంత తగ్గుదల కాదు గానీ, మందులకు తోడుగా అది చాలా విలువైనది.

షుగర్ ఉంటే క్షయ జబ్బు వచ్చే ముప్పు కూడా రెండు మూడు రెట్లవుతుంది. 1915లో క్షయరోగుల కోసం ఆరోగ్యవరం ఆస్పత్రి వెలసిన మదనపల్లెలో ఈ సంగతి ప్రత్యేకించి చెప్పుకోవాలి.

గుండె విషయంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. నోటికీ ఒంటికీ ఉన్న సంబంధం పేరుతో ఒకప్పుడు అతి జరిగింది. 1891లో దంత శాస్త్రవేత్త మిల్లర్, 1900లో వైద్యుడు విలియం హంటర్ నోటి క్రిములే ఒంటి జబ్బులకు మూలమని రాశాక, కీళ్ళనొప్పులకూ మతి చలించినవారికీ కూడా మంచి పళ్ళు కుప్పలుగా పీకేశారు. ఆ వైద్యం నిలవలేదు. రుమాటిక్ జ్వరంతో వాల్వులు దెబ్బతిన్నవారికి, కృత్రిమ వాల్వు పెట్టించుకున్నవారికి నోటి క్రిములు గుండె లోపలి పొరకు పట్టి ప్రాణం మీదికి తెస్తాయన్నది రుజువైన సంగతి. చిగుళ్ళ జబ్బుకూ గుండెపోటుకూ సంబంధం కనబడుతోంది గానీ, పొగాకు, షుగర్ ఈ రెండు జబ్బులకూ ఉమ్మడి కారణాలు కాబట్టి ఏది ఎంత అన్నది విడదీయడం కష్టం. కాన్పుల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి: గర్భిణులకు చిగుళ్ళ వైద్యం చేసినా నెలలు నిండని కాన్పులు తగ్గలేదని 2006లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష చూపింది. ఆ వైద్యం తల్లికి హాని చేయలేదనీ అదే పరీక్ష చెప్పింది.

ఒంట్లోని జబ్బు కూడా నోట్లో కనిపిస్తుంది. రక్త కేన్సర్ కొందరిలో ఉబ్బి నెత్తురోడే చిగుళ్ళతో బయటపడుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ చిగుళ్ళను పెంచుతుంది. బీపీ మందుల్లో కొన్ని నోరు ఎండిపోయేలా చేస్తాయి. లాలాజలం తగ్గితే పళ్ళు త్వరగా పుచ్చుతాయి. వక్కాకులో పొగాకు కలిపి బుగ్గన పెట్టేవారికి మానని పుండు, తెల్లమచ్చ కేన్సర్‌కు ముందు గుర్తులు కావచ్చు. రెండు వారాలు దాటిన ఏ పుండునైనా డాక్టరుకు చూపించాలి.

ఈ పన్ను చివరకు పీకాల్సి వచ్చింది. తర్వాత ఆ మనిషి చెనక్కాయలు మానేసింది, పచ్చి కూరగాయలు మానేసింది, మెత్తటి తెల్లన్నం ఎక్కువ చేసింది. నమిలే శక్తి పోయినచోట తిండి ఇలాగే మారుతుంది, షుగర్ మళ్ళీ ఎగబాకుతుంది. మిగిలిన పళ్ళకు గార తీయించి, రాత్రి పడుకునేముందు కూడా తోముకోవడం మొదలుపెట్టాక చిగుళ్ళ నెత్తురు ఆగింది. షుగర్ ఉన్నవారు పరీక్షకు వెళ్ళినప్పుడు కళ్ళు, పాదాలతో పాటు చిగుళ్ళు కూడా చూడమని అడగాలి. నొప్పి లేకపోయినా ఏడాదికి ఒక్కసారైనా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.