120 డాలర్ల నోటీసు

2015 డిసెంబర్‌లో, అమెరికాలో 'దిస్ ఈజ్ అమెరికా' అనే చిన్న ఫౌండేషన్‌కి ఒక ఉత్తరం వచ్చింది. మీ వెబ్‌సైట్‌లో పెట్టిన ఫలానా ఫొటో అలామీ అనే ఫొటోల ఏజెన్సీది, దానికి మీరు లైసెన్స్ తీసుకున్న దాఖలా మా దగ్గర లేదు, కాబట్టి 120 డాలర్లు కట్టండి అని దాని సారాంశం. ఏజెన్సీ తరఫున పంపినవాళ్లు లైసెన్స్ కంప్లయన్స్ సర్వీసెస్ అనే సంస్థ వాళ్లు.

ఇలాంటి ఉత్తరాలు కొత్తేమీ కాదు. వెబ్‌సైట్లను సాఫ్ట్‌వేర్ గాలిస్తూ, కనబడిన ఫొటోని ఏజెన్సీ దగ్గరున్న ఫొటోలతో పోల్చి చూస్తుంది. కలిసిందా, నోటీసు వెళ్తుంది. లాయరు ఖర్చు కంటే ఇదే నయమని కట్టేసేవాళ్లూ ఉంటారు. చాలాసార్లు తప్పు కూడా వాడుకున్నవాళ్లదే. మన దగ్గర చూడండి, గూగుల్‌లో దొరికిన ఫొటో తెచ్చి పెట్టుకుని, కింద 'సౌజన్యం: ఇంటర్నెట్' అని వేస్తే చాలనుకుంటారు. చాలదు. మన దేశంలోనూ ఫొటో మీద హక్కు తీసినవాళ్లు బతికున్నంత కాలం, వాళ్ల తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. పేరు వేసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. తీసినవాళ్ల కష్టానికి డబ్బు అడగడం న్యాయమే.

అయితే ఈ ఫొటో సంగతి వేరు. దాన్ని తీసింది కేరల్ హైస్మిత్ అనే ఫొటోగ్రాఫర్. 1980లలో వాషింగ్టన్‌లో మూతబడి పాడుపడ్డ విల్లర్డ్ హోటల్‌ని ఆవిడ ఫొటోలు తీశారు. అదే హోటల్ మంచి రోజుల్లో ఎలా ఉండేదో ఫ్రాన్సెస్ బెంజమిన్ జాన్‌స్టన్ అనే మరో స్త్రీ ఎన్నో దశాబ్దాల ముందే ఫొటోలు తీసి, వాటిని దేశానికి వదిలి వెళ్లింది. హోటల్‌ని మళ్లీ నిలబెట్టేటప్పుడు ఆ పాత ఫొటోలే అక్కరకొచ్చాయి. అది చూసి హైస్మిత్ కూడా తన ఫొటోల్ని 1988 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇస్తూ వచ్చారు. 50 రాష్ట్రాలూ తిరిగి తీసిన పాత మోటళ్లు, గడ్డి దాచే కొట్టాలు, చిన్న ఊళ్ల బజార్లు, రంగు వెలిసిన సైన్‌బోర్డులు, ఇలా వేలకొద్దీ ఫొటోలు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అంత పెద్ద మనసుతో ఇచ్చిన వాటికి ఎవరో బిల్లు పంపడమేమిటి?

ఫౌండేషన్ నడిపే ఆవిడ డబ్బు కట్టలేదు. ఫోన్ చేసి, ఆ ఫొటో తీసింది తనేనని చెప్పారు. అవును, ఆ ఫౌండేషన్ హైస్మిత్‌దే. ఆవిడ తీసిన ఫొటో ఆవిడ సైట్‌లో ఉన్నందుకు ఆవిడనే డబ్బు అడిగారు!

నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఆవిడ ఫొటోల అమ్మకం మాత్రం ఆగలేదు. వెతికించి చూస్తే, గెట్టీ ఇమేజెస్ అనే మరో ఫొటోల ఏజెన్సీలో ఆవిడ ఫొటోలు 18,755 ఉన్నాయని తేలింది. 2016 జులైలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో 100 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం కోరుతూ ఈ ఏజెన్సీల మీద ఆవిడ దావా వేశారు. గెట్టీ వాళ్ల వాదన సూటిగా ఉంది. షేక్‌స్పియర్ నాటకాలు, డికెన్స్ నవలలు ఇవాళ ఎవరి సొత్తూ కాదు, అయినా పబ్లిషర్లు అచ్చేసి డబ్బుకి అమ్ముతున్నారు కదా, ఈ ఫొటోలూ అంతే అన్నారు.

ఆ అక్టోబర్‌లో జడ్జి కాపీరైట్ ఆరోపణలన్నీ కొట్టేశారు. మిగతావి రాజీతో ముగిశాయి. హక్కు తన దగ్గరే అట్టిపెట్టుకుని, షరతులు రాసి, వాడుకోవడానికి మాత్రమే అనుమతి ఇచ్చి ఉంటే ఆవిడ చేతిలో ఆధారం ఉండేది. దేశానికి ధారపోసినందుకు అదీ లేకపోయింది. నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది.

హైస్మిత్ ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఇప్పటికీ ఉచితమే. మీకు కావలసి వస్తే ఎవరికీ డబ్బు కట్టకండి, నేరుగా అక్కడి నుంచే తీసుకోండి. కింద ఆవిడ పేరు వేయండి.