రేవుల షావుకారు

పలాస, కాశీబుగ్గ జంటపట్టణములలో జీడిపప్పు వ్యాపారమున నాలుగు డబ్బులు గడించి, కార్ఖానా తాళపుచెవులు కుమారుని కప్పగించి, రక్తపుపోటు మాత్రలను మాత్రము తనకడనే యుంచుకొని, అరువది యేండ్లు దాటిన పిమ్మట ఓడ విహారమునకు బయలుదేరు పెద్దమనుష్యుల తెగ యొకటి యీ నడుమ వర్ధిల్లుచున్నది. పూర్వము ఆ వయస్సువారు కాశికి పోయి కాయో పండో విడిచి వచ్చెడివారు. వీరు సింగపూరున క్రూజు నెక్కి, ఏదియు విడువక, పైపెచ్చు రెండు పెట్టెలు అధికముగా తెచ్చుచున్నారు. వీరిలో ఓడను ప్రేమించువారు కొందరు, ఓడలోని భోజనశాలను ప్రేమించువారు పెక్కురు. ఓడ యాగిన ప్రతి రేవునను దిగి, పగటిలో ఊరు చూచి, సాయంకాలమునకు మరల నోడ నెక్కు ఆ తీరవిహారమునందే ప్రాణము నిలుపుకొన్నవాడు మాత్రము నూటి కొక్కడుండును. అతడే మన రేవుల షావుకారు. కాశీబుగ్గ బజారున నిలువబడి ఈ బిరుదముతో పిలిచిచూడుడు. ఒక్కరికంటె నెక్కువమందియే వెనుదిరుగుదురు.

ఓడ పలాస చుట్టునున్న మా ఉద్దానమువారికి క్రొత్తది కాదు. గోపాలపురము, బారువ, కళింగపట్నము రేవులకు దూరముగా స్టీమరు లంగరు వేయగా, కెరటములపై మసూలా పడవలలో పోయి, దాని డెక్కుపై చాప పరచుకొని, బియ్యపు మిల్లులలో కూలికై బర్మాలోని రంగమునకు పోయినవారి మనుమలమే మాలో పలువురము. 1942లో జపానుబాంబులకు వెఱచి బర్మానుండి అడవుల వెంట కాలినడకను తిరిగివచ్చినవారి కథలు మా యూళ్ళ అరుగులమీద నిన్న మొన్నటి వరకు వినబడుచుండెడివి. వారికి తీరమనగా బ్రదుకు. దిగినచోట దిగవలసినదే, ఎప్పుడు తిరిగి యెక్కుదుమో యెరుగరు. వారి మనుమడగు షావుకారునకు తీరమనగా ఆరుగంటలు. ఏ గంటకు దిగవలెనో, ఏ నిమిషమునకు మరల నెక్కవలెనో ముద్రించిన చీటీ ముందురాత్రియే గది తలుపుక్రిందనుండి లోనికి వచ్చును. దానిని అతడు పంచాంగమువలె కన్నుల కద్దుకొని చదువును.

అసలు విహారముకన్న విహారమును ఎన్నుకొనుటయే అతనికి పరమానందము. ప్రయాణమునకు మూడు నెలలు ముందుగనే ఓడవారి పట్టిక నొకచేతను, రేవుబయట టాక్సీవారి ధరల నింకొకచేతను పట్టుకొని తూచుట ప్రారంభించును. ఇందలి కీలకము వ్యాపారస్థునకే తెలియును. ఓడవారు కుదిర్చిన బస్సు ప్రియము. కాని ఆ బస్సు దారిలో చెడి ఆలస్యమైనచో ఓడ సాధారణముగా వేచియుండును. బయటి టాక్సీ చౌక; కాని దానిలో పోయి ఆలస్యముగా వచ్చినచో ఓడ వేచియుండదు, తరువాతి రేవునకు తన ఖర్చుతో తానే పోయి పట్టుకొనవలెను. కావున ఆ రెండు ధరలకు నడుమనున్న వ్యత్యాసము ఊరు చూచినందుకు కాదు, భయము లేకుండుటకు కట్టు బీమా సొమ్ము. ఈ రహస్యమును అతడు రేవు రేవునకు లెక్కగట్టి, ఓడ నిలుచుచోటినుండి ఊరు నడకదూరమున నున్న పెనాంగు వంటి చోట్ల బీమా మానివేయును. ఊరు దూరమైనచో కట్టును. పెనాంగులోని జార్జిటౌను పాతవీథులు 2008 నుండి ప్రపంచ వారసత్వ స్థలములుగ గుర్తింపబడినవి. రేవు దాటి నడచినచో చాలునని అతడు అక్కడ చిల్లిగవ్వ వ్యయపెట్టక ఆ వీథులన్నియు తిరిగి వచ్చెను. ఈ ఘనకార్యమును కాశీబుగ్గలో వినని వర్తకుడు లేడు.

కార్ఖానాలో జీడిపప్పును గుండు, బద్ద, ముక్కలుగ వేరుచేయు అలవాటు చొప్పున అతడు విహారములకు రకములు కూడ గట్టెను. ఒకేచోట నిలిచి సావకాశముగ చూచునది 'గుండు'. సగము చూపు, సగము బస్సు ప్రయాణమైనది 'బద్ద'. నాలుగు గంటలలో ఏడు స్థలములు చూపుదుమని ప్రకటించునది 'ముక్క'. ముక్కను గుండు ధరకు అమ్మజూపువారిని అతడు క్షమింపడు. రేవుల పేర్ల మోసమును గురించి యతని యుపన్యాసము వినదగినది. "రోమని ప్రకటనలో యేత్తారు, దించీది సివితవెక్కియాల. అక్కడికి రోము ఎనబై కిలోమీటర్లు. పారిసంటారు, దించీది లెహావర్ల. అక్కడికి రెండొందలు. పలాస టేసన్ల దిగి పూరీ జగన్నాదుడి గుడి ఏదీ అని అడిగినట్టుంటాది." కుమారుని స్నేహితుడొకడు, "మరి ఫుకెట్‌లో ఏటి చూత్తారండి?" అని యడుగగా, "అదెనక సూసుకుందాం, ముందు ఎన్నింటికి తిరిగెక్కాలో సెప్పు" అని యతడు బదులు చెప్పెను.

ఇట్టి విద్వాంసునకు ప్రథమ పరాభవము స్వదేశముననే జరిగినది. 2022 జూన్‌లో కార్డేలియా వారి ఎంప్రెస్ నౌక విశాఖపట్నమునుండి పుదుచ్చేరి మీదుగ చెన్నపట్టణమునకు విహారములు ప్రారంభించినప్పుడు అతడు మొదటివారిలో టిక్కెట్టు కొనెను. అరవిందాశ్రమమునకింత, మణకుళ వినాయకునికింత, సముద్రపు వీథికింత అని నిమిషములు పంచి, ఆరోవిల్లుకు ఆటో బేరము సైతము ఫోనులో ముగించెను. ఇంతలో ఓడలోని జూదశాలపై అభ్యంతరములు లేచి, పుదుచ్చేరివారు అనుమతి యొసంగరైరి. ఓడ నడిసముద్రమున నిలిచెను. షావుకారు చీటీ చేతబట్టుకొని డెక్కుపై నిలిచెను. తీరము కానవచ్చెనో లేదో గాని, అతడు మాత్రము గడియారము చూచుచు, "ఇప్పుడు మనం ఆశ్రమంల ఉండాలి... ఇప్పుడు గుడికాడ..." అని యాత్రను మనస్సుననే నడిపించెను. చివరకు ఓడ యుద్యోగిని కలిసికొని, యానాము పుదుచ్చేరివారిదే గదా, అక్కడివారు తెలుగువారే గదా, తెలుగువారమని చెప్పి తమ నొక్కరిని దింపింపుమని ప్రార్థించెనట. 2025లో అదే నౌక పుదుచ్చేరి యెదుట నిలిచి, చిన్నపడవలపై యాత్రికులను దించినదని పత్రికలలో చదివిననాడు, తన పాతచీటీని అతడు పెట్టెలోనుండి తీసి, ఆటో ధర మాత్రము దిద్దుకొనెను.

ఫుకెట్ వృత్తాంతము వేరు. అక్కడ అతడు అన్నివిధముల శోధించి, 'గుండు'గ నిర్ణయించి, ఓడవారిచేతికే సొమ్ముచెల్లించి, స్థానికుల జీవనవిధానమును చూపు విహారము నొకదానిని కొనెను. చేతికి రెండు గడియారములు పెట్టెను. ఏలయన సింగపూరు కాలమునకు అచ్చటి కాలము గంట వెనుక, ఓడ నడచునది సింగపూరు కాలముననే, ఊరివారు నడచునది ఊరి కాలమున. షావుకారమ్మ గడియారమన్ననో పలాస కాలముననే తిరుగుచుండును. తెల్లవారుజామున మేల్కొని, "ఇప్పుడు మనింటికి పాలోడొచ్చే యేళ" అనుటకే ఆమెకది యుపయోగించును. బస్సు కొండమీది తెల్లని మహాబుద్ధ విగ్రహమును చూపెను, చలోంగు బౌద్ధాలయమును చూపెను. తరువాత స్థానిక జీవనవిధానము చూతురుగాక యని యొక పాకముందర ఆగెను. అందరును దిగిరి. అది జీడిపప్పు కార్ఖానా.

పలాసలో పుట్టి, జీడిపొట్టు వాసనలో పెరిగి, ఎనుబది కిలోల పిక్కల బస్తా ధరతో తప్ప మరియొక దానితో ప్రపంచమును కొలువనేరని మనుష్యుడు, వేల మైళ్ళు పోయి, డాలర్లు చెల్లించి, కత్తెరయంత్రము ముందు కూర్చుండి పిక్కలు కొట్టు స్త్రీని చూచుటకు వరుసలో నిలువబడెను. మార్గదర్శి యొక పండు నెత్తి చూపి, విత్తనము పండువెలుపల వ్రేలాడుట ప్రకృతివింత యని చెప్పగా, తెల్లవారందరు ఛాయాచిత్రములు తీసిరి. షావుకారు మొదట కోపించెను, పిదప ధర యడిగెను, పిదప థాయి నాణెములగు బాత్‌లను రూపాయలుగ మార్చి గణించెను, పప్పును అరచేత పోసికొని రకము చూచెను. తుదకు ఆగలేక ఆ స్త్రీని లెమ్మని సైగచేసి, తానే పీట నెక్కి, పది పిక్కలు పప్పు చిట్లకుండ కొట్టెను. అతని నేర్పు చూచిన విదేశీయులు ఇతడు కార్ఖానావారు నియోగించిన ప్రదర్శకుడని తలంచి చుట్టును చేరిరి. ఒక వృద్ధస్త్రీ యతని చేత ఇరువది బాత్‌ల కాగితము పెట్టెను. "ఏటండీ, ఇంత డబ్బెట్టొచ్చి ఇక్కడ కూలికి కుదిరేరా?" అని షావుకారమ్మ యడిగిన ప్రశ్నకు ఇంతవరకు సమాధానము లేదు. ఆ కాగితము మాత్రము కార్ఖానాలో లక్ష్మీదేవి పటముప్రక్కన అద్దము కట్టబడి యున్నది.

ఆనాడు అతని మనస్సును నిజముగా కలచినది వేరొకటి. ఉద్దానపు తోటలలో పిక్క నొలుచుకొని, పండును చెట్టుక్రిందనే కుళ్ళనిచ్చుట తరతరముల యలవాటు. అక్కడ ఆ పండురసమునే సీసాలలో నింపి అమ్ముచుండిరి. అతడు సీసా కొని త్రాగెను, రెండవది కొనెను. బ్రెజిల్ దేశమున పుట్టిన జీడిమామిడి పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో మనదేశమునకు వచ్చినది. మన షావుకారు ఆరుగంటలకై దిగినట్లు గాక, అది దిగినచోటనే వేరూని, మరల నోడ నెక్కుమాట తలపెట్టలేదు. రసపు సీసాల వ్యాపారమునకు కుమారు డొప్పుకొనలేదు గాని, నా మట్టుకు నాకు ఆ విహారమునకు కట్టిన సొమ్ములో ముట్టిన ఫల మదియొక్కటియే యని తోచును.

తీరవిహారమున నతనికి కలుగు పరాకాష్ఠానందము తీరమున నుండదని యిచ్చట చెప్పవలసియున్నది. గడువునకు గంట ముందుగనే యతడు ఓడ చేరి, స్నానముచేసి, పైడెక్కున కటకటాల కానుకొని, ఆలస్యముగ వచ్చువారు సంచులతో, చెప్పులు చేతబట్టుకొని, రేవువెంట పరుగెత్తి వచ్చుటను చూచును. పైనున్నవారు చప్పట్లు చరతురు. షావుకారు చరవడు, గడియారము చూచి, "బయటి టాక్సీ" అని మాత్ర మనును. షావుకారమ్మ పద్ధతి యింకను సులభము: ఫుకెట్ తరువాత ఆమె యే రేవునను దిగుట మానివేసినది. "ఊరంతా దిగిపోతే ఓడంతా మందే" యని, వరుసలు లేని భోజనశాలలో కూర్చుండి, వంటశాలలో పనిచేయు సోంపేట ప్రాంతపు కుఱ్ఱవానిని వెదకి పట్టి, వానిచే చింతపండు చారు కాయించుకొనును. వాని తల్లి క్షేమమును, జీతమును, పెండ్లి సంబంధములను విచారించును. ఓడ ప్రయాణములో ఎక్కువ లోకము చూచినది ఎవరని యడిగినచో నే నామె పక్షమే వహింతును.

స్వగ్రామమునకు వచ్చిన పిదప నూరకుండునా? 2024 ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అను మహానౌక విశాఖ క్రూజు టెర్మినలుకు వచ్చినదని విని అతడు రైలెక్కి పోయి చూచివచ్చెను. వచ్చి, పారిసునకు 200 కిలోమీటర్లు పోవువారు, విశాఖనుండి అంతే దూరముననున్న బారువకు ఏల రారని వాదించుట కారంభించెను. వాదమునకు మెచ్చి ఓడ రాలేదు గాని, శీతకాలమున హైదరాబాదునుండియు అమెరికానుండియు చుట్టములు వచ్చుచునే యుందురు. వారికి షావుకారు ఇల్లే యోడ. ముందురాత్రి తలుపుక్రిందనుండి చీటీ వచ్చును. టెక్కలికడ తేలినీలాపురమున గూడబాతులును ఎఱ్ఱకాళ్ళ కొంగలును, 'గుండు'. రావివలసలో నెత్తిన కప్పులేక యెండలోనే వెలసిన యెండల మల్లికార్జునుడు, 'గుండే, టోపీ తప్పనిసరి'. మందసలో వాసుదేవ పెరుమాళ్ళు, మహేంద్రగిరి దర్శనము, కోవా, 'బద్ద; కోవా కలుపుకొన్నచో గుండు'. బారువలో మహేంద్రతనయ సాగరసంగమము, దీపస్తంభము, నీటిలో మునిగియున్న చిల్కా నౌక. ఓడలోనుండి తీరమును గాక తీరమునుండి ఓడను చూచు విహారమిది యొక్కటియే యని క్రింద గీత గీయబడియుండును. చిల్కా నీటిక్రింద నుండుటచే కానరాదని చుట్టములు ఫిర్యాదుచేసినచో, పుదుచ్చేరి కూడ నాకు కానరాలేదని యతడు చెప్పును.

పరిహాసమున కింత వ్రాసితిని గాని, అతని పట్టుదలలో న్యాయమున్నది. ఉద్దానము పేరు పత్రికలలో కనబడినదన్న, అది 2018 అక్టోబరులో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టిన తిత్లీ తుఫానును గురించియో, మూత్రపిండముల వ్యాధిని గురించియో యుండును. పలాసలో 2023 డిసెంబరునుండి ఆ వ్యాధికొరకే పెద్ద ఆసుపత్రి వెలసినది. వచ్చినవారు దానిని చూచి జాలిపడి పోవుటకు బదులు, తోటలలో పనసపండు తిని పోవలెనని యతని కోరిక.

కావున పాఠకులలో నెవరైన కార్తీకమునుండి మాఘమువరకు పలాస స్టేషనున దిగినచో కాశీబుగ్గ బజారున నతనిని విచారింపుడు. రుసుము లేదు, జీడిపప్పు ఉచితము. ఏడుగంటలకు బయలుదేరుదుమని చీటీలో నున్నచో ఆరుగంటల నలువది నిమిషములకే వాకిట నుండుడు. ఆలస్యమైనవారికొరకు అతడు ఆగడు; మీరు బారువకు ఆటోలో రావలసివచ్చును, ఆటోవాడు మీనుండి అడిగినంతయు పుచ్చుకొనును.